బురద వాకిలి

సింగన్న దొడ్డికి తలుపు లేదు. బురద ఉంది.

నీళ్ళ తొట్టి పొర్లి పొర్లి, వాకిట్లో ఏడాది పొడవునా ఆరని బురదమడి ఒకటి తయారైంది. దొడ్డి చుట్టూ తుమ్మకంప దట్టంగా వేసి ఉండటంతో, లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా ఆ బురద తొక్కాల్సిందే. ఎద్దులు తొక్కేవి, గేదెలు తొక్కేవి, మేకలు మూతి ముడుచుకుంటూ తొక్కేవి. తొక్కినవాళ్ళ వెనకాలే పెద్దబాతులు వచ్చి, మెడలు వంచి, ఒక్కొక్క అడుగునూ ముక్కుతో తడిమి చూసేవి. ఆ దొడ్డి ఆచారం అది.

నువ్వెవరు, ఏ ఊరు, నీ తాత పేరేంటి, ఇవేవీ బాతులు అడిగేవి కావు. గిట్ట ముద్ర పడిందా, పొమ్మనేవి. మెత్తటి అరికాలు, దాని ముందు గోళ్ళ గీతలు కనబడ్డాయా, ఇంక మాటల్లేవు. ఒక బాతు అరిచేది, ఆ అరుపు విని మిగతావన్నీ రెక్కలు విప్పుకుని వచ్చి మీద పడేవి. ఇంటి కుక్కకూ గోళ్ళున్నాయి కదా అంటారేమో. దాని మెడలో మువ్వ ఉంది. గోళ్ళు కనబడినా మువ్వ వినబడితే మనవాడే అని ఊరుకునేవి. ఒకసారి మువ్వ తెగిపోయిన రోజున పాపం ఆ కుక్క కూడా తన్నులు తింది. అప్పటినుంచి అది పగలంతా పొలంలో మంచె కిందే ఉంటోంది.

ఈ గోలంటే పుల్లన్నకు చచ్చేంత చిరాకు. పుల్లన్న సింగన్నగారి ఎద్దుల జతలో వలపటి ఎద్దు. కాడికి కుడిపక్కన అతను, ఎడమపక్కన మైలన్న. ఎంత బరువు పెట్టినా నోరెత్తని జీవి, కానీ మధ్యాహ్నం నెమరు వేసుకుంటూ కళ్ళు మూసే వేళకు బాతులు అరిచాయంటే మాత్రం ఆ ఓర్పంతా ఎటో పోయేది.

"ఏం గంగత్తా! మొన్న ఉడుమొచ్చిందని నా కుడితి గోలెం తన్నేశారు. గడ్డంతా తొక్కి పాడుచేశారు. వచ్చింది ఒక్క ఉడుము, నష్టం దొడ్డంతా!"

గంగత్త బాతులన్నిటికీ పెద్ద. మెడ సాగదీసి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఉడుముకు నా గుడ్లు పెట్టాలా, నీకు కుడితి మిగల్చాలా? తేల్చి చెప్పు నాయనా."

"అసలది ఉడుమని మీకెలా తెలుసు? అంతకుముందు ఎప్పుడైనా చూశారా?"

"చూళ్ళేదు. పేరు కూడా తర్వాత మేక చెబితేనే తెలిసింది. గోళ్ళున్నాయి, మాకది చాలు. పోయినేడు ముంగిస, ఈ ఏడు ఉడుము, రేపు ఇంకేదో. వాటన్నిటి పేర్లూ మొహాలూ నేర్చుకుంటూ కూర్చుంటే ఈలోగా పిల్లలు మిగలొద్దూ? వేషం మార్చుకోవచ్చు, వాసన మార్చుకోవచ్చు. గోళ్ళు ఇంట్లో దాచిపెట్టి వేటకొచ్చేదాన్ని ఒక్కదాన్ని చూపించు, నా గూట్లో పడుకోబెడతా. ఆ గోళ్ళు లేకపోతే దానికి కూడెక్కడిది?"

పుల్లన్న తల అటు తిప్పుకుని మళ్ళీ నెమరు వేయసాగాడు. చిరాకు మాత్రం తగ్గలేదు.

తొలకరి దగ్గర పడుతుండగా అతని ముందరి కాలి గిట్టల సందులో తుమ్మముల్లు దిగింది. సింగన్న ముల్లు లాగేశాడు గానీ, మర్నాటికి కాలు గుమ్మడికాయలా వాచింది. ఎర్రబడింది, ముట్టుకుంటే కాలుతోంది. నేల మీద ఆనిస్తే నొప్పి కొమ్ముల దాకా పాకుతోంది. తొట్టి దగ్గర సింగన్న పెళ్ళాంతో అంటున్న మాట పుల్లన్న చెవిన పడింది.

"ఏరువాక నాటికి ఈ కుంటు తగ్గకపోతే సంతకు తోలెయ్యాలే. మైలడి పక్కన ఇంకోదాన్ని కట్టుకోవాలి, ఏం చేస్తాం."

కుంటి ఎద్దు సంతకు పోతే ఎవరి చేతికి పోతుందో పుల్లన్నకు తెలుసు. దానికన్నా ఎక్కువ బాధపెట్టింది రెండో మాట. దూడలప్పటి నుంచీ మైలన్నా తనూ ఒకే కాడి కింద తిరిగారు. ఆ సాయంత్రం మైలన్న అతని మెడ నాకుతూ, "నువ్వు పక్కన లేకపోతే నాగటి చాలు ఎక్కడ తిప్పాలో నాకు తెలీదురా" అన్నాడు. పుల్లన్నకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

మర్నాటి నుంచి మైలన్నా గేదెలూ మేకలూ పొద్దున్నే మేతకు పోతే, పుల్లన్న ఒక్కడే వాకిలి బయట కుంటుతూ గడ్డి కొరికేవాడు. ముసురు పడుతోందని సింగన్న అతని వీపు మీద గోనెపట్టా కప్పాడు. తోడు ఎవరైనా ఉన్నారంటే అతని కుడిచెవిలో కాపురమున్న గోమారి పురుగు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం అంటారే, గోమారి నిజంగానే ఆ పని చేసేది. రక్తం తాగుతూ లోకాభిరామాయణం చెప్పేది. ఒకరోజు మధ్యాహ్నం మాత్రం కడుపు పగిలేలా తాగి గుర్రుపెట్టి నిద్రపోతోంది. సరిగ్గా అప్పుడే వాకిలి బయటున్న బండరాయి పక్కనుంచి గుంటనక్క తల బయటికొచ్చింది.

"అయ్యయ్యో బావా! ఆ కాలేంటి అట్లా అయిపోయింది?"

ఒళ్ళంతా వేపాకు పసరు పులుముకుంది నక్క. నోట్లో ఆకుపొట్లం పట్టుకుంది. గంగత్త పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికొచ్చాయని దానికి ఎప్పుడో తెలిసింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఆ బురద దగ్గర గోళ్ళ ముద్ర పడటం, బాతులు తరమడం. ఈసారి వైద్యం నేర్చుకుని వచ్చింది.

"దూరంగా ఉండు. నక్కవి, నీతో నాకు మాటలేంటి?" అన్నాడు పుల్లన్న.

"నన్ను నమ్మొద్దు బావా. నక్కని ఎవరు నమ్మమన్నారు? కాలు నీది, ఏరువాక నీది, సంత నీది. నేను పోతా." రెండడుగులు వేసి ఆగింది. "ఒక్కమాట అడుగుతా. ముల్లు తీసేశారు కదా? మరి కాలెందుకు వాచింది?"

పుల్లన్న నమలడం ఆపాడు.

"ముల్లు పోయింది, గోల మిగిలింది. నీ ఒంట్లో కూడా బాతులున్నాయి బావా! ముల్లు గుచ్చుకోగానే గయ్యిమని అరిచి, వచ్చి పడి, నీ కాలంతా తొక్కేశాయి. ఆ వాపు వాటిదే. ఆ వేడి వాటిదే. నిన్ను కుంటివాణ్ణి చేసింది ముల్లు కాదు, నీ సొంత కాపలాదార్లు. వాటిని నిద్రపుచ్చే ఆకు నా దగ్గరుంది. పూస్తే నొప్పి ఇట్టే పోతుంది. నీ పాక కింద, నువ్వు పడుకునే చోటే పూయాలి మరి, నీ గోనెపట్టా కింద దాచి నన్ను మోసుకుపో. బాతుల చిరాకు నీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. అదే పుల్లన్నను పడగొట్టింది. తన నోటి మాటే నక్క నోట వినబడితే ఎవరికైనా నిజంలాగే ఉంటుంది. మైలన్న పక్కన కొత్త ఎద్దు నడుస్తున్నట్టు కళ్ళకు కట్టింది. భయపడ్డవాడు ఆలోచించడు, పుల్లన్నా ఆలోచించలేదు. బండరాయి పక్కకు జరిగి నిలబడ్డాడు. నక్క ఆ రాయి మీంచి ఎగిరి అతని వీపెక్కి గోనెపట్టా కిందికి దూరింది.

పుల్లన్న బురద తొక్కుతూ లోపలికి వచ్చాడు. గంగత్త వచ్చి ముక్కుతో తడిమింది. గిట్టలు. అన్నీ గిట్టలే.

"ఏం పుల్లన్నా, అడుగులు ఇవాళ లోతుగా పడుతున్నాయే?"

"కాలు బరువెక్కింది కదత్తా" అన్నాడు పుల్లన్న. అతను పుట్టి బుద్ధెరిగాక ఆడిన మొదటి అబద్ధం అది. చెవులు వాలిపోయాయి.

"అయ్యో నాయనా, పోయి పడుకో" అంది గంగత్త. ఆ జాలి మాట అతనికి ముల్లుకన్నా లోతుగా దిగింది.

పాక కింద పుల్లన్న కాలు చాపుకుని పడుకున్నాడు. నక్క వీపు దిగలేదు. "వైద్యుడు నేల మీద కాలు పెడితే మందు పారదు బావా" అంటూ భుజం మీదనుంచి కిందికి వంగి, నూరిన ఆకుముద్ద వాపు మీద పులిమింది. చల్లగా తగిలింది. కాసేపటికి నొప్పి తగ్గింది, ఇంకాసేపటికి అసలు కాలున్నట్టే తెలియలేదు. పుల్లన్న ఇన్ని రోజుల తర్వాత గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"చూశావా? ఇప్పుడు లేచి మెల్లిగా నడు. మందు ఒళ్ళంతా పాకాలి. అదిగో, ఆ గడ్డివామి దాకా చాలు."

గడ్డివామి నీడలోనే గంగత్త పిల్లలు ముద్దగా పడుకుని ఉన్నాయి. పుల్లన్న లేచాడు, అటు నడిచాడు. కుంటు లేదు! సంతోషంతో తోక కూడా ఊపాడు.

అప్పుడు చెవిలో గోమారి ఉలిక్కిపడి లేచింది.

"థూ! మావా, ఏంటిది? రక్తం రుచి మారిపోయింది! మత్తు తగులుతోంది. ఎవడు పూశాడు నీకు?"

"మెల్లిగా" అని గొణిగాడు పుల్లన్న. "వైద్యుడు పూశాడు. లోపలున్న కాపలాదార్లు గోల చేస్తున్నారంటే నిద్రపుచ్చాడు."

"నిద్రపుచ్చాడా? కొంప ముంచుకున్నావు మావా! ముల్లు ఒక్కటే వచ్చిందనుకున్నావా? దాని మొన మీద కంటికానని క్రిములు బోలెడు దిగాయి. ముల్లు పోయింది, అవి పోలేదు. నీ కాపలావాళ్ళు వాటిని పట్టుకున్నారు. ఎలా పట్టుకున్నారో తెలుసా? అచ్చం మీ బాతుల్లాగే. పేర్లు తెలీవు, మొహాలు తెలీవు. ఆ క్రిములకు ఒంటి మీద ఒకరకం పైపొర ఉంటుంది. నీ ఒంట్లో దేనికీ అలాంటిది ఉండదు. ఆ పొర విప్పేస్తే అవి బతకలేవు, అందుకని ఇంట్లో వదిలి రాలేవు. కాపలావాడి చెయ్యి ఆ పొరకు తగిలిందా, కేక! కేక వినగానే రక్తనాళాలు వాకిళ్ళు తెరుస్తాయి, అదీ ఎరుపు, అదీ వేడి. నీళ్ళు పొర్లి వస్తాయి, అదీ వాపు. ఆ నీళ్ళలో పడి మిగతావాళ్ళు పరిగెత్తుకొస్తారు, దొరికినదాన్ని దొరికినట్టు మింగుతారు."

"నీకెలా తెలుసురా ఇదంతా?"

గోమారి కొంచెం సిగ్గుపడింది. "నేను బయటి దొంగనే కదా మావా. నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? తాగే ముందు నేనూ కాస్త ఉమ్ముతాను, ఆ కేక వినబడకుండా. కేక లేకపోతేనే నాకు భోజనం. కేక ఆపేవాడు ఎవడైనా సరే, భోజనానికి వచ్చినవాడే. ఇంతకీ వైద్యుడెవరు?"

పుల్లన్న నిలబడిపోయాడు. గడ్డివామి పదడుగుల దూరంలో ఉంది. బాతుపిల్ల ఒకటి నిద్దట్లోనే ముక్కు తెరిచి మూసింది. వీపు మీద గోనెపట్టా కింద నక్క నోటి తడి తన చర్మానికి తగులుతోంది. చొంగ.

"ఎవరితో బావా మాటలు?" అంది నక్క.

"నొప్పితో" అన్నాడు పుల్లన్న. "నువ్వు పోగొట్టావు కదా, వీడ్కోలు చెబుతున్నా."

అరిస్తే? అరిచేలోగా నక్క ఒక్క దూకు దూకితే అందుతుంది. బాతులు వాకిట్లో ఉన్నాయి. ఎండుగడ్డి మీద గోళ్ళ ముద్ర పడదు. పుల్లన్న జీవితంలో ఎప్పుడూ తొందరపడలేదు, ఇప్పుడూ పడలేదు. మెల్లిగా, బండి తిప్పినట్టు, ఒళ్ళంతా తిప్పుకుని వాకిలి వైపు నడిచాడు.

"ఎటు బావా, ఎటు? వామి అటు కదా!"

"నీ మందు గొప్పదయ్యా. కాళ్ళు మొద్దుబారి ఎటు పోతున్నాయో నాకే తెలీడం లేదు."

"ఆగు, ఆగు!"

"ఆగమంటే వినడం లేదే!"

బురద మధ్యకొచ్చి పుల్లన్న ముందు కాళ్ళు రెండూ మడిచి మోకాళ్ళ మీద కూలాడు. జోరీగల్ని విదిలించినట్టు వీపు చర్మాన్ని ఒక్కసారి జలదరింపజేశాడు. గోనెపట్టాతో సహా నక్క జారి బురదలో పడింది. లేచి నిలబడింది, నాలుగు కాళ్ళ మీద.

"గంగత్తా, నేను వైద్యుణ్ణి! వేపాకు వాసన చూడు! పుల్లన్న బావే స్వయంగా పిలిచి మరీ..."

గంగత్త దాని మొహం చూడలేదు, వాసన చూడలేదు, మాట వినలేదు. మెడ వంచి బురదలోకి చూసింది.

"గోళ్ళు" అంది. అని అరిచింది.

ఆ తర్వాత జరిగింది వర్ణించడం కష్టం, ఎందుకంటే దొడ్డంతా రెక్కలే. ఏ మూలనుంచి వచ్చాయో తెలియకుండా బాతులన్నీ వచ్చి పడ్డాయి. కుడితి గోలెం మళ్ళీ బోర్లా పడింది. నక్క తిరగబడి కరిచింది, ముసలి పోతుబాతు రెక్క విరిగింది, అయినా అది నక్క తోక వదల్లేదు. ఎవరెవర్ని పొడుస్తున్నారో చూసుకునే తీరిక ఎవరికీ లేదు. అడ్డంగా కూర్చున్న పుల్లన్నకూ నాలుగు తగిలాయి. అందులో ఒక పోటు సరిగ్గా వాచిన చోట పడి, వాపు చితికి, చీము బయటికి చిమ్మింది.

వాకిలి మూసుకుపోయేసరికి నక్క తుమ్మకంపలోంచే దూరి పారిపోయింది. నాలుగు కాళ్ళకూ నాలుగు ముళ్ళు.

గోల సద్దుమణిగాక పుల్లన్న బురదలోనే తలవంచుకుని, "అత్తా, దాన్ని లోపలికి మోసుకొచ్చింది నేనే" అన్నాడు.

"తెలుసు. లోతడుగులు" అంది గంగత్త. "బయట పడేసింది కూడా నువ్వే. అది కూడా చూశాను."

"పోతుబాతు తాతకు రెక్క..."

"కట్టు కడతారు, అతుక్కుంటుంది. పిల్లలు లేస్తే ఏం జరిగిందని అడుగుతారు. ఏం లేదని చెప్పు."

పుల్లన్న తన కాలు చూసుకున్నాడు. తెల్లగా చీము కారుతోంది. అసహ్యంగా మొహం తిప్పుకున్నాడు.

"ఛీ అనకు మావా" అంది గోమారి చెవిలో, ఈసారి కాస్త మెత్తగా. "అది మురికి కాదు. నీ బాతులే. క్రిముల్ని మింగి మింగి అక్కడే పడిపోయినవాళ్ళు. నీకు తెలియకుండా నీకోసం చచ్చిపోయారు, నువ్వేమో వాపు వాపు అని తిట్టావు."

పుల్లన్న మళ్ళీ కాలి వైపు తిరిగాడు. చాలాసేపు అలాగే చూశాడు. బాతులకైతే మొక్కొచ్చు, వీళ్ళకు ఎలా మొక్కాలో అతనికి తెలియలేదు. కళ్ళనీళ్ళు మాత్రం కారాయి.

సాయంత్రం సింగన్న వచ్చి దొడ్డి అవతారం చూసి నోరు తెరిచాడు. బాతు రెక్కకు బద్ద పెట్టి కట్టాడు. పుల్లన్న కాలి మీది ఆకుముద్ద కడిగేసి, మర్నాడు పశువుల డాక్టర్ని పిలిపించాడు. డాక్టరు గాయం శుభ్రంచేసి, సూది వేసి, "లోపలివాళ్ళు చాలావరకు వాళ్ళే చక్కబెట్టారు, మిగతాదానికి మనం ఓ చెయ్యి వేద్దాం" అన్నాడు. నొప్పి తిరిగొచ్చింది. వేడి కూడా వచ్చింది. పుల్లన్న ఈసారి దాన్ని తిట్టలేదు. లోపల ఎవరో పనిలో ఉన్నారని తెలిస్తే నొప్పికి కూడా ఓర్చుకోవచ్చు.

వాపు దిగింది. ఏరువాక నాడు సింగన్న పెళ్ళాం ఎద్దులిద్దరికీ కొమ్ములకు రంగేసి, నుదుట బొట్టు పెట్టింది. మైలన్న పక్కన, కుడివైపు, పుల్లన్నే. కాడి మెడ మీద పడగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, చూసుకుంటే ఏడుస్తారు. వాకిలి దాటుతూ పుల్లన్న బురదలో ఆగాడు. బాగైన కాలు గట్టిగా నొక్కి, గిట్ట ముద్ర చక్కగా పడేలా వేసి నిలబడ్డాడు. గంగత్త వచ్చి తాపీగా తడిమింది, వెనకాలే పిల్లలూ బుల్లి ముక్కులతో తడిమాయి.

"పనికి పొద్దుపోతోంది అత్తా" అన్నాడు మైలన్న, సింగన్నకు వినబడకుండా.

"చూడనీరా" అన్నాడు పుల్లన్న. "తీరిగ్గా చూడనీ."

చెవిలో గోమారి కిచకిచ నవ్వింది. "మరి నా సంగతేంటి మావా? నేనూ ఉమ్మే రకమేగా?"

"ఏరువాక అయ్యాక నీ సంగతి మాట్లాడుకుందాం" అన్నాడు పుల్లన్న. గోమారి నవ్వడం మానేసింది.

ఇక నక్క సంగతి. కంపముళ్ళు దిగిన నాలుగు కాళ్ళూ వాచి, గుంటలో పడి మూలుగుతోందని మేకలు చెప్పుకున్నాయి. పక్కనే పొట్లంలో బోలెడంత ఆకుముద్ద ఉందట. ఒక్క కాలికి కూడా పూసుకోలేదట.

నీ కాపలావాణ్ణి నిద్రపుచ్చమని సలహా ఇచ్చేవాడు, తన ఇంటి కాపలావాణ్ణి నిద్రపుచ్చాడేమో ముందు చూసుకో.